కొత్తవాళ్ళతో మాట్లాడొద్దన్నాం, తప్పిపోతే నోరు విప్పలేదు

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయొద్దన్నారు. వాళ్ళ పాపకు అయిదున్నరేళ్ళు, యూకేజీ చదువుతోంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళినప్పుడు, జెయింట్ వీల్ దగ్గర టికెట్లు తీసుకునే హడావుడిలో పాప చెయ్యి జారిపోయింది. ఇరవై నిమిషాలు వెతికారు. చివరికి ఒక దుప్పట్ల స్టాల్ వెనక, వేలాడే గుడ్డల మధ్య ముడుచుకుని కూర్చుని కనబడింది. స్టాల్ ఆవిడ రెండుసార్లు పేరడిగిందట. పాప తల వంచుకుందే గాని పలకలేదు. ఎందుకు చెప్పలేదని ఇంటికొచ్చాక అడిగితే, "కొత్తవాళ్ళతో మాట్లాడొద్దన్నావు కదమ్మా" అంది.

అప్పట్నుంచి ఇంట్లో తలో మాట. అత్తగారు "గోనెసంచీవాడు ఎత్తుకుపోతాడు" అని బెదిరిస్తారు, వాట్సాప్‌లో వచ్చిన కిడ్నాప్ వీడియోలు పాపకే చూపిస్తారు. పాప ఇప్పుడు రాత్రిపూట బాత్రూమ్‌కి ఒక్కతే వెళ్ళదు. మొన్న స్కూల్ ఆటో అతను రాలేక తమ్ముణ్ణి పంపిస్తే ఎక్కనని ఏడ్చి రభస చేసింది. అదే పాప, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే ఓ పెద్దాయన చాక్లెట్ చూపిస్తే నేరుగా ఆయన ఇంట్లోకి వెళ్ళిపోతుంది. ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, "అమ్మకు చెప్పకు, తిడుతుంది" అంటూ రెండో చాక్లెట్ ఇస్తాడు. భర్త కింద ఆటలు మాన్పించి జీపీఎస్ వాచీ కొందామంటున్నారు. భయపెట్టకుండా జాగ్రత్త నేర్పడం ఎలా, ఏ ఆధారం లేకుండా ఓ ముసలాయన్ని అనుమానిస్తే పాపం కాదా అని ఈ తల్లి అడుగుతున్నారు.

మీ పాప మీ మాట విన్నది. చిక్కంతా అక్కడే వచ్చింది. "కొత్తవాళ్ళు" అన్న మాట మనకు అర్థమైనట్టు అయిదేళ్ళ పిల్లకు అర్థం కాదు. ఆ వయసులో కొత్తవాడంటే మాసిన గడ్డం, ఎర్రటి కళ్ళు, భుజాన సంచీ. నవ్వుతూ పేరు పెట్టి పిలిచి, నాలుగు రోజులు వరసగా కనబడినవాడు పాప లెక్కలో కొత్తవాడు కాదు, అంకుల్. దుప్పట్లమ్మే ఆవిడకు పేరు చెప్పకపోవడానికీ, చాక్లెట్ తాతయ్య ఇంట్లోకి వెళ్ళిపోవడానికీ కారణం ఒక్కటే. మనిషిని చూసి మంచివాడో చెడ్డవాడో తేల్చుకోమని మనం పాప మీద పెట్టాం. అది పెద్దవాళ్ళకే చేతకాని పని.

పైగా ఆ సూత్రాన్ని రోజుకు పదిసార్లు తప్పేది మనమే. షాపులో "అంకుల్‌కి నీ పేరు చెప్పు" అంటాం, పెళ్ళిలో ముక్కూమొహం తెలియనివాళ్ళకు "తాతకి ముద్దు పెట్టమ్మా" అంటాం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. లైంగికంగా వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకస్తులుగా మసలుతున్నవాళ్ళేనని అందులో తేలింది. గోనెసంచీవాడి గురించి చెప్పిన జాగ్రత్తలు ఆ సగం దగ్గర దేనికీ పనికిరావు.

కాబట్టి మనుషుల సంగతి వదిలి, పనుల గురించి నేర్పండి. ఒకే సూత్రం: "అడిగి వెళ్ళాలి." ఎవరితోనైనా ఎక్కడికైనా కదిలే ముందు, ఎవరి ఇంట్లోకైనా, బండిలోకైనా అడుగుపెట్టే ముందు, ఎవరైనా ఇచ్చింది నోట్లో పెట్టుకునే ముందు అమ్మనో నాన్ననో నాన్నమ్మనో అడగాలి. అడగడానికి దగ్గర్లో ఎవరూ లేకపోతే జవాబు "వద్దు". ఇది ఆటో అంకుల్‌కీ వర్తిస్తుంది, మేనమామకీ వర్తిస్తుంది, కొత్త మనిషికీ వర్తిస్తుంది. మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, నమస్తే చెప్పొచ్చు. కదలడానికి మాత్రం అనుమతి కావాలి. పాప ఎవర్నీ అనుమానించక్కర్లేదు, "అమ్మకు చెప్పొస్తా" అంటే చాలు.

చెప్పినంత మాత్రాన ఇది రాదు. పాఠం గడగడ అప్పజెప్పిన పిల్లలే, తీరా ఎవరైనా వచ్చి "కుక్కపిల్లను చూద్దువు రా" అంటే వెంట నడుస్తారని ఈ రంగంలో జరిగిన పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపించాయి. నోటితో నేర్చుకున్నది వేరు, కాళ్ళతో నేర్చుకున్నది వేరు. అందుకని వారానికి రెండుమూడు సార్లు, అయిదు నిమిషాలకు మించకుండా, ఆటలాగా ఆడించండి. ముందు మీరు పాప వేషం వేసి చేసి చూపించండి, నాన్న అంకుల్ వేషం. తర్వాత పాప వంతు. నాన్న "అమ్మ ఆస్పత్రిలో ఉంది, నిన్ను తీసుకురమ్మంది" అంటాడు. పాప మూడు పెద్ద అడుగులు వెనక్కి వెయ్యాలి, గట్టిగా "వద్దు" అనాలి, మీరున్న గదిలోకి పరుగెత్తుకొచ్చి జరిగింది చెప్పాలి. ఈ చివరి ముక్కనే చాలామంది వదిలేస్తారు. "వద్దు" అని అక్కడే నిలబడిపోయే పిల్లను రెండో మాటతో, మూడో మాటతో మెత్తబరచడం తేలిక. ఎర మారుస్తూ ఉండండి: ఫోన్లో గేమ్, పిల్లి కూన, "ఈ అడ్రస్ ఎక్కడో చూపించవా". పెద్దవాళ్ళకు సాయం కావలసి వస్తే పెద్దవాళ్ళనే అడుగుతారు, పిల్లల్ని అడగరు, అని పాపకు ఒకసారి విడమరిచి చెప్పండి.

చెయ్యి పట్టుకుని లాగితే ఏం చెయ్యాలన్నది విడిగా నేర్పాలి. ఉత్త ఏడుపు సరిపోదు. దారిన పోయేవాళ్ళు మారాం చేస్తోందనుకుని నవ్వి వెళ్ళిపోతారు. "ఈయన మా నాన్న కాదు! ఈయనెవరో నాకు తెలీదు!" అని మాటలుగా అరవాలి. కింద కూలబడాలి, చెయ్యి దొరికితే కొరకాలి. బ్యాగ్ పట్టుకున్నారా, బ్యాగ్ వదిలేసి పరుగెత్తాలి. బండి పక్కన ఆగితే, బండి ముఖం ఎటుందో దానికి ఎదురు దిక్కున పరుగు, ఎందుకంటే బండి తిరగడానికి టైం పడుతుంది. పెద్దవాళ్ళ ముందు అరవకూడదని పెంచిన పిల్లలకు ఈ అరుపు గొంతులో ఇరుక్కుపోతుంది. టెర్రస్ మీదికి తీసుకెళ్ళి నిజంగా అరిపించండి. పక్కవాళ్ళకు ముందే చెప్పుకోండి.

ఒక్క హెచ్చరిక. తెలిసినవాళ్ళతో చాక్లెట్ ఇచ్చి పంపి, పాప వెళ్తుందో లేదో చాటుగా వీడియో తీసే "టెస్టు" పెట్టకండి. అందులో ఓడిపోయిన పిల్ల నేర్చుకునేది జాగ్రత్త కాదు, అమ్మ తనను మోసం చేసిందని.

ఇక నుమాయిష్ సంగతి. తప్పిపోయిన పిల్లకు కొత్తవాళ్ళే దిక్కు, కాబట్టి ఎవర్ని అడగాలో చెప్పి ఉంచాలి. మొదటి మెట్టు: కదలకుండా అక్కడే నిలబడి అరవడం. "అమ్మా" అంటే నాంపల్లిలో వంద మంది తిరుగుతారు, మీ పేరు పెట్టి పిలవాలి. అమ్మను పేరు పెట్టి పిలవడం తప్పు కదా అని పాప జంకుతుంది, తప్పిపోయినప్పుడు తప్పు కాదని ముందే చెప్పండి. రెండో మెట్టు: పిల్లల్ని వెంటబెట్టుకున్న ఆంటీ, లేదా కౌంటర్ లోపల కూర్చుని డబ్బులు తీసుకునేవాళ్ళు, లేదా యూనిఫాంలో ఉన్న పోలీసు. ఒకరు దొరక్కపోతే ఇంకొకరు. "నేను తప్పిపోయాను, మా అమ్మ నంబర్ ఇదీ" అనాలి. వాళ్ళు ఫోన్ చేసేదాకా ఆ స్టాల్ దగ్గరే ఉండాలి. ఎవరు రమ్మన్నా గేటు దాటకూడదు, పార్కింగ్ వైపు అసలే వెళ్ళకూడదు. ఈసారి సూపర్ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు "ఇప్పుడు నేను కనబడకపోతే ఎవర్ని అడుగుతావు, వేలితో చూపించు" అనండి. పాప ఎవర్ని చూపిస్తుందో చూస్తే ఎంతవరకు ఎక్కిందో మీకే తెలుస్తుంది.

నంబర్ పది అంకెలు అయిదేళ్ళ పిల్లకు కష్టమేమీ కాదు. రెండు అయిదులుగా విరిచి పాటలాగా రాగం తీయించండి. ట్యాబ్ ఉంటే దాని లాక్ కోడ్‌గా ఆ పది అంకెలే పెట్టండి, వారంలో వేళ్ళకే వచ్చేస్తుంది. నంబర్‌తో పాటు మీ ఇద్దరి అసలు పేర్లు, అపార్ట్‌మెంట్ పేరు, ఏరియా పేరు కూడా రావాలి. "మీ నాన్న పేరేంటి" అంటే "నాన్న" అనే వయసు ఇది. జాతరకో ఎగ్జిబిషన్‌కో వెళ్ళేటప్పుడు ముంజేతి మీద బాల్ పెన్నుతో నంబర్ రాయండి, పేరు రాయకండి. బ్యాగ్ మీద పెద్దక్షరాలతో పేరు కుట్టించడం కూడా మానండి. పేరు పెట్టి పిలిచినవాణ్ణి పిల్లలు తెలిసినవాడే అనుకుంటారు. లోపలికి అడుగుపెట్టే ముందు చెప్పులతో సహా కనబడేలా పాప ఫోటో ఒకటి తీయండి. కంగారులో గౌను రంగు కూడా గుర్తురాదు.

ఆటో విషయంలో మీ పాప చేసింది రభస కాదు, సరైన పని. మీరు తప్పకుండా మెచ్చుకోవాలి. సరిదిద్దుకోవాల్సింది పెద్దవాళ్ళు. ఆటో అతనితో పాప ముందే మాట్లాడండి: రాలేని రోజు ముందుగా మీకు ఫోన్ చెయ్యాలి, వేరేవాళ్ళను పంపితే మీరు పాపకో, స్కూల్లో టీచర్‌కో చెప్పేదాకా బండి ఎక్కించకూడదు. ఆటో నంబర్ ప్లేటు, అతని ఫోటో మీ ఫోన్లో ఉండాలి. స్కూల్ డైరీలో పాపను తీసుకెళ్ళగలిగేవాళ్ళ పేర్లు మూడుకు మించకుండా రాసి ఇవ్వండి. చాలా ఇళ్ళలో రహస్య పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, అది చెప్పినవాళ్ళతోనే వెళ్ళాలని. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు అది బాగానే పనిచేస్తుంది. అయిదేళ్ళ పిల్ల మధ్యాహ్నానికల్లా క్లాసంతా చెప్పేస్తుంది. మీకు ఇప్పటికి ముగ్గురి జాబితాయే మేలు.

అత్తగారితో మీకు మూడు దారులున్నాయి. గట్టిగా వద్దనొచ్చు, అప్పుడు మీరు లేనప్పుడు చెప్తారు, పాపకు ఇంట్లో రెండు రూల్స్ అవుతాయి. ఊరుకోవచ్చు, పాప రాత్రి భయం ఎలా ఉందో చూస్తున్నారు కదా. మూడోది, ఆవిడకే పని అప్పగించడం. నంబర్ పాట నేర్పడం నాన్నమ్మ వంతు, ఆటలో అంకుల్ వేషం వారానికోసారి నాన్నమ్మ వంతు. పిల్లను కాపాడాలన్న ఆవిడ తపనకు ఓ దారి దొరికితే గోనెసంచీ దానంతటదే మూలబడే అవకాశం ఉంది. ఒక్క విషయంలో మాత్రం మీరూ మీవారూ ఒకే మాట మీద నిలబడాలి: ఆ వీడియోలు పాపకు చూపించకూడదు. భయపడిన పిల్ల పరుగెత్తదు, బిగుసుకుపోతుంది, దాక్కుంటుంది. దుప్పట్ల వెనక జరిగింది అదే. ఆ వీడియోల్లో చాలావాటికి తలాతోకా ఉండదు కూడా. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటివే తిరిగి, ఏ పాపం తెలియనివాళ్ళను జనం కొట్టారు, ప్రాణాలూ పోయాయి. అత్తగారికి అది గుర్తుండే ఉంటుంది.

మీవారి వాచీ సంగతి కొద్దిగా. కొనొచ్చు, తప్పు లేదు. కానీ దానికి సిమ్ కావాలి, రోజూ చార్జింగ్ పెట్టాలి, సెల్లార్లో, బిల్డింగుల లోపల లొకేషన్ గల్లీ అటూ ఇటూ చూపిస్తుంది, లాగేస్తే ఊడొస్తుంది. దూరం నుంచి మాటలు వినగలిగే పిల్లల వాచీల్ని జర్మనీ 2017లో నిషేధించింది, కాబట్టి ఊరూపేరూ లేని చవక రకం వద్దు. పాప నంబర్ నేర్చుకున్నాక కొనండి, నేర్చుకునే బదులు కొనకండి. కింద ఆటలు పూర్తిగా మాన్పించడం సులువైన దారే. అడిగి వెళ్ళడం సాధన చేసే చోటు మాత్రం అదొక్కటే. దానికి బదులు హద్దులు గీయండి: గేటు లోపల, మీ బాల్కనీలోంచి కనబడేంత మేర, సెల్లార్ వద్దు, లిఫ్ట్ ఒంటరిగా వద్దు, చోటు మారితే వచ్చి చెప్పాలి. పాప ఎప్పుడైనా కనబడకపోతే ముందు చూడాల్సింది సంపు, నీళ్ళ ట్యాంకు. తర్వాత టెర్రస్, లిఫ్ట్, మంచాల కింద, అల్మారాలు. ఈలోగా వాచ్‌మన్ గేటు వెయ్యాలి, ఒకరు ఎమర్జెన్సీ నంబర్ 112కు ఫోన్ చెయ్యాలి. 24 గంటలు ఆగాలన్నది ఒట్టి మాట. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా నమోదు చెయ్యాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న కూడా రాకూడదు, దగ్గరున్న స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ చేయించండి.

ఇప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన. మీరు ఆయన వయసు గురించి, మంచితనం గురించి రెండు పేరాలు రాశారు. ముఖ్యమైన మాట చివర్లో ఒక్క ముక్కలో వదిలేశారు: "అమ్మకు చెప్పకు." మనవల్లేక ముద్దు చేస్తున్నాడేమో, చాక్లెట్లంటే మీరు కోప్పడతారని తెలిసి అన్నాడేమో. కావచ్చు. కానీ పిల్లల్ని లైంగికంగా వేధించడానికి మచ్చిక చేసుకునేవాళ్ళూ సరిగ్గా ఇక్కడే మొదలెడతారు: చిన్న బహుమతి, చిన్న రహస్యం, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం. రహస్యం నిలిచిందా లేదా అని చూసుకుని ఇంకో అడుగు వేస్తారు. ఆయన ఏ రకమో బయటినుంచి మీరు తేల్చలేరు, తేల్చక్కర్లేదు కూడా. అనుమానించక్కర్లేకుండా అడ్డుకట్ట వెయ్యొచ్చు.

మీరూ మీవారూ ఇద్దరూ వెళ్ళి, నవ్వుతూనే, పాప వినేలా చెప్పండి: "అంకుల్, పాపకు అడక్కుండా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దని, ఎవరింట్లోకీ వెళ్ళొద్దని నేర్పిస్తున్నాం. మీరేమైనా ఇవ్వాలంటే మా చేతికివ్వండి. ఈ మధ్య ఒళ్ళో కూర్చోవడం కూడా మాన్పిస్తున్నాం." అందరికీ ఒకటే రూల్ అన్నట్టే ఉంటుంది, ఉంది కూడా. తర్వాత ఆయనేం చేస్తాడో గమనించండి. మామూలు మనిషి అయితే కాస్త చిన్నబుచ్చుకుంటాడేమో, రెండు రోజుల్లో సర్దుకుంటాడు, చాక్లెట్ మీకే ఇస్తాడు. మీరు చెప్పాక కూడా చాటుగా పిలిస్తే, "మీ అమ్మకు చాదస్తం" అని పాపతో అంటే, ఇక మొహమాటం అక్కర్లేదు. పాప ఆయనకు ఒంటరిగా చిక్కకూడదు. ఏమీ అనకుండా పాపనే అటు పోనివ్వకపోవడం ఇంకో దారి. గొడవుండదు, కానీ ఎందుకో పాపకు అర్థం కాదు, మీరు చూడనప్పుడు మళ్ళీ వెళ్తుంది.

పాపకు ఇందులో నేర్పాల్సినవి రెండు. అమ్మకు చెప్పొద్దన్న మాట ఎవరన్నా, అది వెంటనే అమ్మకు చెప్పాల్సిన మాట. నాన్న పుట్టినరోజు కేకు లాంటిది సర్‌ప్రైజ్, రేపు అందరికీ తెలుస్తుంది. ఎప్పటికీ చెప్పొద్దనేది సర్‌ప్రైజ్ కాదు. రెండోది, చెడ్డీ కప్పే చోట ఎవరూ ముట్టకూడదు, చూడకూడదు, ఫోటో తీయకూడదు, వాళ్ళదీ పాపకు చూపించకూడదు. స్నానం చేయించే అమ్మ, నాన్నమ్మ, అమ్మ పక్కనుండగా డాక్టర్ వేరు. ఆ భాగాలకు ముద్దు పేర్లు కాకుండా సరైన పేర్లు నేర్పండి, చెప్పాల్సి వస్తే అవతలివాళ్ళకు అర్థం కావాలి. బంధువులకు ముద్దు పెట్టనంటే బలవంతం చెయ్యకండి, నమస్తే చాలు. ఇంట్లో వద్దంటే చెల్లని పిల్ల బయట వద్దనలేదు.

ఒకవేళ పాప ఏదైనా చెప్తే, మీ మొహం మారకుండా వినండి. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేం లేదు" అన్నది మొదటి మాట కావాలి. గుచ్చి గుచ్చి అడక్కండి, ఇలా చేశాడా అలా చేశాడా అని మాటలు అందించకండి. పాప అన్నది అన్నట్టే తేదీ వేసి రాసిపెట్టుకోండి, బట్టలు ఉతక్కండి, పాప ముందు అతనితో తగువుకు దిగకండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, అపార్ట్‌మెంట్ పరువు పేరుతో కమిటీలో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళే ఉండాలి, రాత్రిపూట పాపను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి, అడిగి చేయించుకోవచ్చు.

రాత్రి భయానికి తొందరేం లేదు. వీడియోలు ఆగి, ఆటలు మొదలైతే రెండుమూడు వారాల్లో తగ్గడం కనబడాలి. బాత్రూమ్ లైటు వేసి ఉంచండి, పిరికిదానివని ఎగతాళి చెయ్యనివ్వకండి. నెల దాటినా తగ్గకపోయినా, పక్క తడపడం, స్కూలుకు వెళ్ళనని మొండికెయ్యడం, ఫలానా మనిషి పేరెత్తితేనే బిగుసుకుపోవడం కనబడినా పిల్లల మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్తారు. గ్రౌండ్ ఫ్లోర్‌కి మాత్రం ఈ ఆదివారమే వెళ్ళండి.